రికార్డు చెప్పని సంగతి

మన రెవెన్యూ శాఖలో ఆర్.ఎస్.ఆర్. అని ఒక పాత పుస్తకం ఉంటుంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. బ్రిటిష్ హయాంలో భూములు కొలిచి, తరం కట్టి, శిస్తు నిర్ణయించి రాసిన పుస్తకం. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు వరుసగా గడుల్లో ఉంటాయి. కొన్ని నంబర్లకు మాత్రం పేరు ఉండాల్సిన గడిలో పేరు లేదు, చుక్కలున్నాయి. ఆ రోజు రైతు కచేరీకి రాలేదా? వచ్చినా హక్కు తేలలేదా? భూమి అప్పటికి బీడుగా ఉందా? చుక్కలు పెట్టిన గుమస్తాకు కారణం తెలుసు. ఆయన చుక్కలు పెట్టాడు కానీ కారణం రాయలేదు. ఆయన పోయాడు, ఆయన్ని అడిగి తెలుసుకున్నవాళ్లూ పోయారు. దశాబ్దాల తర్వాత ఆ పుస్తకాన్ని చూసి జాబితాలు తయారుచేసినవాళ్లు పేరు లేదు కాబట్టి సర్కారుదే అనుకున్నారు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోకి ఆ భూములు చేరాయి. తాత, తండ్రి, కొడుకు మూడు తరాలుగా దున్నుతున్న మడిని అమ్మడానికి లేదు, బ్యాంకులో తనఖా పెట్టడానికి లేదు. వీటిని జనం చుక్కల భూములన్నారు. చిక్కు విప్పడానికి 2017లో ఏకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. 2023లో నిషేధిత జాబితా నుంచి ఒక్క విడతలో తప్పించిన చుక్కల భూములే ఆంధ్రప్రదేశ్‌లో 2 లక్షల ఎకరాల పైచిలుకు.

ఇదంతా భూమి తగాదాల గురించి మాట్లాడడానికి చెప్పడం లేదు. ఏ పెద్ద సంస్థకైనా, అది సర్కారు శాఖ కావచ్చు, బ్యాంకు కావచ్చు, కర్మాగారం కావచ్చు, తెలిసిన సంగతులు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని పుస్తకాల్లో, ఇప్పుడైతే కంప్యూటర్లలో. కొన్ని మనుషుల్లో. పుస్తకంలో ఉన్నది ఏమి జరిగిందో చెబుతుంది. ఎందుకు అలా జరిగిందో, ఎక్కడ నమ్మాలో, ఎక్కడ అనుమానించాలో మనుషులకే తెలుస్తుంది. కంప్యూటర్లు వచ్చాక మన కార్యాలయాలు చేస్తూ వచ్చిన పెద్ద పొరపాటు ఒక్కటే అని నా వాదన. పుస్తకంలో ఉన్నదాన్ని మాత్రమే ఆస్తిగా లెక్కించాయి. మనుషుల్లో ఉన్నదాన్ని, ఆ మనిషి వెళ్లిపోతే తనతో పాటు పోయే సొంత సామానులాగా వదిలేశాయి. దీనికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల భూమి రికార్డుల చరిత్ర కంటే మంచి సాక్ష్యం వెతకనక్కరలేదు.

మన ప్రాంతపు సంగతి కృష్ణా, గుంటూరు వంటి రైత్వారీ ప్రాంతాల సంగతి లాంటిది కాదు. 1802లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, సాలూరు, ఇంకా ఎన్నో చిన్నాపెద్దా జమీలు ఏటా కట్టాల్సిన పేష్కషు నిర్ణయమైపోయింది. ఆ తర్వాత ఎస్టేటు గ్రామాల్లో ఎవరు ఏ మడి దున్నుతున్నారో సర్కారుకు నేరుగా తెలుసుకునే అవసరం తగ్గిపోయింది. అయితే ఆ ఏడాదే కంపెనీవారు 29వ రెగ్యులేషన్ కూడా చేశారు. అది కరణం ఉద్యోగం గురించి. ఊరి లెక్క రాసే మనిషి ఒకడు ఉండాలని, కోర్టుకో కలెక్టరుకో ఊరి నిజం కావలసి వస్తే అతని దగ్గర దొరకాలని దాని ఉద్దేశం. సమాచారం మనిషి దగ్గర ఉంటుందని పరాయి ప్రభుత్వమే గ్రహించి, ఆ మనిషిని చట్టంలో కట్టిపెట్టుకుంది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారు తప్పుకున్నాక, మన గ్రామాల్లో సెటిల్‌మెంటు జరిగి ఫెయిర్ అడంగళ్లు తయారయ్యాయి. జిరాయితీ ఏది, ఇనాం ఏది, గెడ్డ పోరంబోకు ఏది, బంద ఏది అని అప్పుడు రాసినదే ఈనాటికీ చాలా ఊళ్లలో తగాదా వస్తే తెరిచే పుస్తకం. ఆ పుస్తకం రాసేటప్పుడు సెటిల్‌మెంటు వాళ్లకు దారి చూపించినది ఎస్టేటు కరణాల లెక్కలూ, ఊరి పెద్దల నోటి మాటలూనే.

పైగా ఈ ప్రాంతం ఎన్నిసార్లు చేతులు మారిందో చూడండి. శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాకు వచ్చింది. 1950 ఆగస్టు 15న తానే జిల్లా అయింది. 1979 జూన్ 1న విశాఖ నుంచి కొంత, శ్రీకాకుళం నుంచి కొంత తీసి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ పంపకం జరిగింది. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకూ, రాజాం వైపువి విజయనగరానికీ వెళ్లాయి. ఇలాంటి పంపకం జరిగినప్పుడల్లా దస్త్రాలు బళ్లమీదో లారీల్లోనో ఎక్కి కొత్త జిల్లా కేంద్రానికి వెళతాయి. ఆ దస్త్రం ఎక్కడ మొదలైందో, దాని వెనక ఏ కోర్టు ఉత్తర్వు ఉందో తెలిసిన సీనియర్ గుమస్తా మాత్రం పాత జిల్లాలోనే ఉండిపోతాడు. జిల్లాను విడదీసే ఉత్తర్వుల్లో భవనాల సంగతి ఉంటుంది, వాహనాల సంగతి ఉంటుంది, పోస్టుల సంగతి ఉంటుంది. ఎవరికి ఏమి తెలుసో పంచుకునే పద్దు ఉండదు. సాలూరు మండలం అంచున కొటియా గ్రామాల మీద ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల వివాదం 1968 నుంచీ సుప్రీంకోర్టు మెట్లెక్కి దిగుతూనే ఉందంటే, సర్వే జరగని కొండ ఊళ్లలో రికార్డు ఎంత పలచన అవుతుందో ఊహించుకోవచ్చు.

పాత పద్ధతిలో రికార్డునూ మనిషినీ ఏడాదికొకసారి ఎదురెదురుగా నిలబెట్టే ఏర్పాటు ఒకటి ఉండేది. అదే జమాబందీ. ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, ముగిశాక కరణం తన లెక్కలన్నీ మోసుకుని తాసీల్దారు ముందో, పైఅధికారి ముందో కూర్చునేవాడు. అడంగల్‌లో రాసిన పంటకూ, పొలంలో అజమాయిషీ చేసి చూసిన పంటకూ పొంతన ఉందా? చనిపోయినవారి పేర్లు ఇంకా నడుస్తున్నాయా? శిస్తు తగ్గితే ఎందుకు తగ్గింది? అడగడం, చెప్పడం, దిద్దడం అక్కడికక్కడే జరిగేది. రైతు కూడా అక్కడికి వెళ్లి తన మాట చెప్పుకోవచ్చు. ఈరోజుల్లో విజ్ఞాన నిర్వహణ అని మేనేజ్‌మెంట్ కళాశాలల్లో పెద్ద పేరుతో చెప్పేదానికి ఇంతకంటే చక్కని నమూనా నాకు కనిపించదు. అది లోపాలు లేని పద్ధతి అనడం లేదు. లంచం లేదనీ అనడం లేదు. కానీ లెక్కను మనిషి సమర్థించుకోవలసిన రోజు ఒకటి క్యాలెండరులో ఉండేది. తర్వాత్తర్వాత అది మొక్కుబడి తతంగమైంది.

1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పోస్టులు రద్దు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ ఒక్క దెబ్బతో పోయారు. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆ నిర్ణయం న్యాయమైనదే. వంశపారంపర్యంగా కొన్ని కుటుంబాల చేతిలో ఊరి భూమి చరిత్రంతా ఉండడం ప్రజాస్వామ్యంలో సాగదు. వంశం చూసి గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960లోనే గాజుల దశరథరామారావు కేసులో చెప్పింది. నా అభ్యంతరం రద్దు మీద కాదు, రద్దు జరిగిన తీరు మీద. ప్రభుత్వం కరణం దగ్గర నుంచి పుస్తకాలు స్వాధీనం చేసుకుంది. పుస్తకాలను చదివే విద్యను స్వాధీనం చేసుకునే ఆలోచన చేయలేదు. ఫలానా సర్వే నంబరులో అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నది ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ పట్టా పేరు పాతదైనా అనుభవం మారిందో, ఏ రాయి వరదకు కొట్టుకుపోతే మళ్లీ ఎక్కడ పాతారో, కైఫీయతు గడిలో ఎర్రసిరాతో రాసిన దస్త్రం నంబరు ఏ తగాదాకు సంబంధించినదో, ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పించుకుని రాసుకోవడానికి ఏడాదో రెండేళ్లో పట్టేది. ఆ ఏడాది ఎవరూ ఇవ్వలేదు. తర్వాత ఆ కుర్చీలోకి విలేజ్ అసిస్టెంట్లు వచ్చారు, వీఏఓలు వచ్చారు, పంచాయతీ కార్యదర్శులు వచ్చారు, వీఆర్వోలు వచ్చారు. బోర్డు మీద పేరు మారినప్పుడల్లా కొత్త మనిషి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు.

కంప్యూటరు వచ్చేసరికి మన దగ్గర ఉన్నది ఈ సగం సంగతే. ముగ్గులో చుక్కలు మిగిలాయి, వాటిని ఏ వరుసలో కలపాలో తెలిసిన చెయ్యి లేదు. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కార్డ్ పథకంతో కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత భూమి లెక్కలు వెబ్‌ల్యాండ్‌లోకి ఎక్కాయి. 2015లో మీభూమి పోర్టల్ వచ్చి ఎవరి అడంగల్, ఎవరి 1-బి (హక్కుల రికార్డు) వాళ్లు ఇంట్లో కూర్చుని చూసుకునే వీలు కలిగింది. ఇది చిన్న మేలు కాదు. కాగితం ముక్క కోసం తాసీల్దారు కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన తరానికి దాని విలువ తెలుసు. అయితే కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు గడిలో పట్టేదే ఎక్కింది. పేరు పట్టింది, నంబరు పట్టింది, ఎకరం సెంట్లు పట్టాయి. అంచున పెన్సిలుతో రాసిన మాట పట్టలేదు. ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేసే ఇంటిపేరు కొన్నిచోట్ల పట్టలేదు. అంతకంటే ముఖ్యం, అనుమానం పట్టలేదు. పాత పుస్తకంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు, వేర్వేరు చేతివ్రాతలు కనబడితే చదివేవాడికి ఇక్కడ ఏదో ఉందని తట్టేది. తెరమీద అన్ని గడులూ ఒకే అక్షరంలో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. తప్పుకు కూడా ఒప్పుకు ఉన్నంత నిగారింపు వచ్చేసింది.

మనుషులను పూర్తిగా తప్పించి కంప్యూటరు మీదే ఆధారపడితే ఏమవుతుందో పొరుగు తెలుగు రాష్ట్రం మనకోసం చేసి చూపించింది. తెలంగాణలో 2020 సెప్టెంబరులో వీఆర్వో పోస్టులు రద్దయ్యాయి. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. అవినీతికి చేతులు ఉండకపోతే అవినీతే ఉండదన్నది ఆలోచన. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే రోజు, ఒకే చోట అయిపోవడం నిజంగా గొప్ప సౌకర్యం. కానీ రికార్డు మొదటే తప్పుగా ఉన్నవాళ్ల గతి? ఆ తప్పు తెలిసిన మనిషి ఊళ్లో లేడు. దిద్దే అధికారం చాలావరకు మండలం దాటి కలెక్టరు లాగిన్‌కు చేరింది. జిల్లాలో లక్షల సర్వే నంబర్లు, దిద్దే చెయ్యి ఒకటి. ఫలానా రైతు ఫలానా మడి దున్నుతున్నాడని పైవారికి చెప్పగల కన్ను లేదు. దరఖాస్తులు పేరుకుపోయాయి. చివరికి 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులన్న పేరుతో ఊరికి మళ్లీ రెవెన్యూ మనిషి వచ్చాడు. వాళ్లను ఎంచుకున్నది ఎక్కడి నుంచో కాదు, వేరే శాఖలకు చెదిరిపోయిన పాత వీఆర్వోల, వీఆర్ఏల నుంచే. అయిదేళ్లలో ఒక రాష్ట్రం రద్దు చేసి, అనుభవించి, తిరిగి తెచ్చుకున్న పాఠం ఇది. పార్టీల గెలుపోటముల లెక్కలో దీన్ని తీసేయడం తేలిక. ఏ పార్టీ అధికారంలో ఉన్నా తేలేది ఇంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వే ఇంకో రకం సాక్ష్యం. ఇక్కడ మనుషులను తీసేయలేదు. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో ఊరికో సర్వేయరును పెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి, గొలుసు పట్టుకుని కొలిచిన దానికంటే ఎన్నో రెట్లు కచ్చితంగా కొలతలు వచ్చాయి. పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబర్లు ఇచ్చారు. డ్రోనుకు గట్టు కనిపిస్తుంది. గట్టు వెనక ఉన్న మాట కనిపించదు. తండ్రి పోయాక ముగ్గురు కొడుకులు పెద్దమనుషుల ఎదుట పంచుకున్నారు, సబ్ డివిజన్ చేయించుకోలేదు. పెద్దవాడు విశాఖలో, రెండోవాడు హైదరాబాదులో, ఊళ్లో ఉన్నది మూడోవాడు. మన జిల్లాల్లో వలస ఎంతటిదో చెప్పనక్కరలేదు కదా. కాగితం మీద వేరుపడని ఇలాంటి భూములకు రీసర్వేలో ఉమ్మడి ఎల్‌పీఎంలు పడ్డాయి. అప్పటిదాకా ఇంట్లో ఉన్న చిక్కు రికార్డులోకి వచ్చి కూర్చుంది. ఎవరికి వారు అమ్ముకోవాలన్నా, అప్పు తెచ్చుకోవాలన్నా ఇబ్బంది. 2024లో ప్రభుత్వం మారాక, అంతకుముందు ప్రభుత్వం చేసిన భూ హక్కుల చట్టాన్ని (ల్యాండ్ టైట్లింగ్ యాక్టును) రద్దు చేశారు. రెవెన్యూ సదస్సులు పెట్టి ఊరూరా ఫిర్యాదులు తీసుకున్నారు. ఉమ్మడి ఎల్‌పీఎంలను విడదీసే పని పెట్టుకున్నారు. సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచాక కూడా చివరికి ఊళ్లో కూర్చుని మనుషులను అడగవలసే వచ్చింది. ఆ అడగడం మొదట చేసి ఉంటే రెండో ఖర్చు తప్పేది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో బరువూ ఉంది. మొదటి మాట ఇది: మనుషుల దగ్గర ఉన్న తెలివిడి అంటూ మీరు కరణాన్ని మళ్లీ గద్దెనెక్కిస్తారా? ఊళ్లో చదువు రాని రైతును, కూలిని, ముఖ్యంగా దళితుణ్ణి, కొండ మీది గిరిజనుణ్ణి ముంచినది ఆ తెలివిడే కదా? నిజం. తెలుగు సామెతల్లో కరణానికి దక్కిన పేరు చూస్తేనే జనం అనుభవం తెలుస్తుంది. కానీ కరణం బలం ఎక్కడిది? ఆయనకు తెలియడంలో లేదు, ఆయనకు మాత్రమే తెలియడంలో ఉంది. అది విరగాలంటే ఆయనకు తెలిసింది నలుగురికీ తెలియాలి. ఎవరికీ తెలియకుండా పోతే ఊరికి ఒరిగేది ఏమీ లేదు. 1984 తర్వాత జరిగింది రెండోది. పైగా తెలివిడి ఒకరి గుప్పిట్లో ఉండే పద్ధతి కంప్యూటరుతో పోలేదు, చోటు మారింది. ఇప్పుడు లాగిన్ ఎవరిదో, పాస్‌వర్డు ఎవరికి తెలుసో, పోర్టల్‌లో ఏ మాడ్యూల్‌లో దరఖాస్తు పెడితే పని అవుతుందో తెలిసినవాడు కొత్త కరణం. మీసేవ కేంద్రం బయట దళారి బతుకుతున్నది ఆ తెలివిడి మీదే.

రెండో మాట కొత్తది. కృత్రిమ మేధ వచ్చేసింది, పాత దస్త్రాలన్నీ స్కాన్ చేసి దానికి అప్పగిస్తే చేతివ్రాతలు చదివి, పొంతన లేనివి పట్టి ఇస్తుందిగా అంటారు. ఇస్తుంది. ఇవ్వాలి కూడా. పాత ఫసలీల అడంగళ్లు చెదలకు పోకముందే స్కాన్ చేయించడం ఈపాటికే అయిపోవలసిన పని. కానీ యంత్రం రాసినది చదువుతుంది. చుక్కల దగ్గర చదవడానికి ఏముంది? ఎందుకు పెట్టారో రాయలేదు. యంత్రం దానికి ఒక కారణం ఊహించి చెబుతుంది, ఆ ఊహ తెరమీదకు వచ్చాక నిజంలాగే నిలబడుతుంది. మొదటిసారి గుమస్తా మౌనాన్ని సర్కారు భూమి అని చదివిన తప్పునే రెండోసారి ఇంకా వేగంగా చేసినట్టవుతుంది.

మూడో మాట నాకు అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. మనుషుల జ్ఞాపకం నమ్మదగినది కాదు. మరిచిపోతారు, పక్షపాతం చూపుతారు, పాత పగలు కలుపుతారు. అందుకేగా రాత కనిపెట్టింది? దీనికి నా సమాధానం కొంతవరకే చెల్లుతుంది. మనిషి చెప్పింది తీర్పు కాదు, ఆధారం. ఆధారాన్ని పరీక్షించాలి. గ్రామసభలో పదిమంది ఎదుట చదివి వినిపిస్తే, తప్పు చెప్పినవాణ్ణి సరిహద్దు రైతే పట్టుకుంటాడు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఎవరు కాదన్నారో మూడూ రాస్తే, రేపు వచ్చే అధికారికి తూకం వేసుకునే వీలుంటుంది. రాతకూ మాటకూ పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. రాతలో మాటకు చోటు అడుగుతున్నాను.

ఇది జరిగే పనేనా అంటే, జరిగిన చోటు ఉంది. జిరాక్స్ కంపెనీ వాళ్ల ఫోటోకాపీ యంత్రాలు బాగుచేసే మెకానిక్కులను జూలియన్ ఓర్ అనే మానవ శాస్త్రవేత్త 1980లలో దగ్గరుండి పరిశీలించాడు. కంపెనీ లావుపాటి మాన్యువల్ ఇచ్చింది. మెకానిక్కులు మాత్రం చిక్కు వచ్చినప్పుడు ఒకరికొకరు కథలు చెప్పుకుని యంత్రాన్ని బాగుచేస్తున్నారు. ఫలానా మోడలు ఉక్కపోతలో ఇలా మొండికేస్తుంది, అప్పుడు అక్కడ చూడాలి, ఇలాంటివి. ఆ గమనింపుల నుంచి యురేకా అనే వ్యవస్థ పుట్టింది. 1990లలో ముందు ఫ్రాన్స్‌లో వాడి చూశారు. మెకానిక్కు తాను కనిపెట్టిన కిటుకు రాసి పంపుతాడు. తోటి మెకానిక్కులు పరీక్షించి నిజమంటే అది అందరికీ చేరుతుంది. రాసినవాడి పేరు దానిమీదే ఉంటుంది. ఈ పేరు ఉండడం చిన్న సంగతి కాదు. అది మెకానిక్కుకు గౌరవం, చదివేవాడికి నమ్మకం. మన వీఆర్వోకో, సర్వేయరుకో, లైన్‌మన్‌కో తన పేరుతో ఒక మాట రాసే గడి ఏ పోర్టల్‌లో ఉంది? మనవాళ్లకు టార్గెట్లు నింపే గడులే ఇచ్చారు.

కాబట్టి అడగవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వెబ్‌ల్యాండ్‌లో ప్రతి మార్పుకూ ఉత్తర్వు నంబరుతో పాటు, ఎందుకు మార్చారో నాలుగు మాటల్లో తెలుగులో రాయకపోతే ముందుకు కదలని గడి ఒకటి పెట్టవచ్చు. బదిలీ అయ్యే వీఆర్వో, వచ్చే వీఆర్వో కలిసి ఊరి పొలిమేర చుట్టి రావడానికి కొన్ని దినాలు విధిగా ఇవ్వవచ్చు. ఇప్పుడు బదిలీ అంటే తాళాలు, రిజిస్టర్లు, సంతకం, అంతే. పదవీ విరమణ చేసిన తాసీల్దార్లు, సర్వేయర్లు, తలయారీలు శ్రీకాకుళంలో, బొబ్బిలిలో, పాలకొండలో ఎంతోమంది ఉన్నారు. ఏ ఊరి ఫెయిర్ అడంగల్ ఎక్కడ తేడాగా ఉంటుందో వాళ్లకు కంఠతా వచ్చు. గౌరవ వేతనం ఇచ్చి మండలానికి ఇద్దరిని కూర్చోబెట్టి చెప్పించుకోవచ్చు, సచివాలయ సర్వేయరు పక్కన కూర్చుని రాసుకోవచ్చు. ఇంకో పదేళ్లు ఆగితే వాళ్లూ ఉండరు. గెడ్డలు, బందలు, మదుములు, గరువుల పేర్లు ఊళ్లో ఎలా పలుకుతారో అలాగే పటంలో ఎక్కించాలి. వరద ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ఆ పేర్లలోనే సగం ఉంది. నాగావళి, వంశధార పొంగినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, కరెంటూ ఫోనూ పోయిన రోజుల్లో, ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి తోట ఎంతో చెప్పగలిగినవి మనుషుల నోళ్లే. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి చెట్లను లెక్కించడానికి వచ్చినవాళ్లు తోట ఎవరిదని మొదట అడిగినది ఊరివాళ్లనే.

దీనికి సమయం ఎక్కడుందని అధికారులు అడుగుతారు. ఉన్న సిబ్బంది పథకాల పనులకే చాలడం లేదు, నిజమే. అయితే ఆ సమయం మనం ఇప్పుడూ ఖర్చు చేస్తూనే ఉన్నాం. సోమవారం ఫిర్యాదుల పరిష్కార వేదికల దగ్గర బారులు తీరిన అర్జీదార్ల గంటలుగా, రెవెన్యూ సదస్సులుగా, సివిల్ కోర్టు వాయిదాలుగా. భూమి లెక్కలొక్కటే కాదు, సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసిన గుమస్తా వెళ్లిపోయినా, సబ్‌స్టేషన్‌లో ఏ ఫీడరు ఏ గాలికి తెగుతుందో తెలిసిన లైన్‌మన్ రిటైరయినా జరిగే నష్టం ఇదే పోలికలో ఉంటుంది. అక్కడ గుర్తించడానికి ఆలస్యమవుతుంది, భూమి దగ్గర వెంటనే కేసు పడుతుంది. తేడా అంతే.

శ్రోతలకు ఒక మనవి. ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. మీ 1-బి, అడంగల్ ఒకసారి తీసి చూడండి. అందులో ఉన్న పేరు బతికున్న మనిషిదేనా, విస్తీర్ణం మీరు దున్నుతున్నంతేనా సరిచూసుకోండి. ఇంట్లో, ఇరుగుపొరుగున పెద్దలుంటే పొలానికి తీసుకెళ్లి సరిహద్దులు చెప్పించుకోండి. అన్నదమ్ములు పంచుకున్నది ఉంటే ఆ పంపకాన్ని రిజిస్టరు చేయించి సబ్ డివిజన్‌కు పెట్టుకోండి. తేడా కనబడితే తేదీ వేసి, కారణం రాసి, సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు, మా ఊరి లెక్కలు ఏడాదికొకసారి మా ఎదుట చదవండని అడగండి.